ఏడో ఫ్యూజు

ఆ ఇంట్లో నలభై నాలుగేళ్ళుగా ఒక్క అబద్ధం కూడా పుట్టలేదని ఓడ్‌లేవ్ నమ్మకం. తన పడవ నీళ్ళమీద తేలుతుందన్నది ఎంత ఖాయమో, అతనికి ఇదీ అంతే ఖాయం. అబద్ధమాడినవాణ్ణి ఒక్కణ్ణి మెడపట్టి గడప దాటించాడు. వాడు సొంత బావమరిది. ఇరవై రెండేళ్ళయింది. మళ్ళీ పిలవలేదు.

భార్య యోరున్ మార్చిలో పోయింది. అక్టోబరు మొదటివారంలో ఓడ్‌లేవ్ రేవు పక్కనున్న టోర్‌గ్రిమ్ దుకాణానికి వెళ్ళి, స్నానాలగది నేల కింద పరిచే కరెంటు వేడి తీగ ఒక చుట్ట కావాలన్నాడు.

టోర్‌గ్రిమ్ తాగుతున్న కాఫీ కప్పు కింద పెట్టాడు.

"ఎవరికి?"

"మా ఇంటికి."

"మీ ఇంటికా? వెచ్చటి నేల ముసలి పిల్లులకి గానీ మనుషులకెందుకన్నావు. ఇక్కడే, ఈ బల్ల దగ్గరే అన్నావు."

"అన్నాను."

"పాపం, యోరున్ ఏటా ఉన్ని దారం కొనుక్కెళ్ళేది, మేజోళ్ళు అల్లుకోడానికి. ఇప్పుడావిడ లేదు, నీకు నేల వెచ్చగా కావలసొచ్చిందా? చేతులు కాలాక ఆకులు పట్టుకోడమంటే ఇదేనోయ్."

కాఫీ బల్ల దగ్గర కూర్చున్న ముగ్గురూ నవ్వారు. అందులో ఇద్దరు అతని పడవలో పనిచేసినవాళ్ళే.

"చుట్ట ఇస్తావా, పట్నం పోయి తెచ్చుకోనా?" అన్నాడు ఓడ్‌లేవ్.

టోర్‌గ్రిమ్ ఇచ్చాడు.

టోర్‌గ్రిమ్ అన్నదాంట్లో తప్పేం లేదు. అందుకే ఓడ్‌లేవ్‌కి మండింది. ఏటా మొదటి మంచు పేరుకున్న రోజున యోరున్ వంటింట్లోకి వచ్చి, "ఓడ్‌లేవ్, నేల చల్లగా ఉంది. ఈ ఏడైనా తీగ వేయిద్దామా?" అనేది. అతను తల ఎత్తకుండానే, "మేజోళ్ళు తొడుక్కో" అనేవాడు. అంతే. ఆమె రెండోసారి అనేది కాదు, అలిగేదీ కాదు. మళ్ళీ ఏడాది అడిగేది. అతను తిరిగి అదే అనేవాడు. అదొక పండగలా ఏటా జరిగిపోయేది.

ఆసుపత్రిలో ఆఖరి వారం యోరున్ తక్కువ మాట్లాడింది. ఒకరోజు, "కాళ్ళు చల్లగా ఉన్నాయి" అంది. అతను దుప్పటి కింద చేతులు పెట్టి ఆ పాదాలు పట్టుకున్నాడు. మంచుపెట్టెలో చేపల్లా ఉన్నాయి. అంతకుముందెన్నడూ వాటిని పట్టుకోలేదని అప్పుడు తెలిసింది. ఈసారి మేజోళ్ళ మాట ఎత్తలేదు. ఆమె పోయాక కూడా ఆ చలి అతని అరచేతుల్లోంచి పోలేదు.

పోయినవాళ్ళకి ఇచ్చేదేం ఉండదు. కానీ కాదన్నది ఒకటి మిగిలింది. ఆ తీగ వేసి తీరాలి. అది వేసేస్తే కనీసం తన మనసు నోరు మూయించుకోవచ్చు. అంతకన్నా అతను ఏమీ ఆశించలేదు.

ఆ దీవిలో ఇప్పుడు కరెంటు పని చేసే మనిషి ఒక్కతే, సున్నివా. ముప్పయ్యేళ్ళది, నోరు పెద్దది. గురువారం వచ్చి స్నానాలగది చూసింది.

"పాత పలకల మీదే పరిచేస్తే తలుపు తెరుచుకోదు, బాబాయ్. పలకలు తీసెయ్యాలి. ఆ తవ్వకం మీరే చేసుకోవచ్చు, తీగ కూడా మీరే పరుచుకోవచ్చు. కానీ పైన సిమెంటు పోసేముందు నన్ను పిలవాలి. మీటరు పెట్టి కొలుస్తా, ఫోటో తీస్తా. ఫోటో లేకుండా ఒక్క తాపీ సిమెంటు వేసినా నేను సంతకం పెట్టను."

"తీగకి ఫోటో ఏంటమ్మాయ్? అదేమన్నా పెళ్ళికూతురా?"

"పెళ్ళికూతురైతే రోజూ ఇంట్లో కనబడుతుంది. ఇది ఒకసారి లోపలికెళ్తే మళ్ళీ కనబడదు. రేపెవడో వచ్చి మేకు కొడితే? ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది? అందుకే, ఈ దేశంలో ఎవరు తీగ పరిచినా మూత వేసేముందు ఫోటో తియ్యాల్సిందే. తవ్వేముందు ఫ్యూజు ఆపండి. మర్చిపోకండి."

"ఈ ఇంట్లో ఫ్యూజులు నాకు నువ్వు చెప్పాలా?"

ఫ్యూజుల పెట్టె నడవలో ఉంది. దాని తలుపు లోపలివైపు ఏ ఫ్యూజు దేనిదో రాసిన కాగితం. యోరున్ చేతిరాత, నిటారుగా, పాఠం అప్పజెప్పినట్టు. నాలుగు స్నానాలగది. ఏడు దగ్గర మాత్రం కొంచెం పొడుగ్గా రాసింది. "నేలమాళిగ ఫ్రీజర్. ఆపొద్దు." కింద రెండు గీతలు. ఫ్రీజర్‌లో ఎప్పుడూ సగం గొర్రె, ఏడాదికి సరిపడా చేప ఉంటాయి. ఉరుములొచ్చినప్పుడు ఓడ్‌లేవ్ ఫ్యూజులన్నీ ఆపేసి ఏడొక్కటి ఉంచేవాడు. పెళ్ళాం రాసిన మాటని అంత నిష్ఠగా పాటించింది బహుశా అదొక్కటే.

శనివారం పొద్దున నాలుగో ఫ్యూజు ఆపాడు. స్నానాలగది దీపం ఆరింది. కిటికీ వెలుతురు చాలు. ఉన్ని చెప్పులతోనే గడప దగ్గర మోకాళ్ళమీద కూర్చుని ఉలి, సుత్తి తీశాడు.

బూడిద కలిసిన నీలం పలకలు. ఇరవై రెండేళ్ళ కింద అతను లోఫోటెన్‌లో చేపలవేటకి పోయినప్పుడు యోరున్ వేసింది. జనవరిలో పోతే ఏప్రిల్లో తిరిగొచ్చేవాళ్ళు. ఆ ఏప్రిల్లో వచ్చేసరికి పాత రబ్బరు పట్టా పోయి ఈ పలకలున్నాయి. "నేనే వేశా" అంది. చేతులు సిమెంటుకి పగిలి ఉన్నాయి. పడవలో అందరికీ చెప్పుకున్నాడు, మా ఆవిడ మేస్త్రీ అయిందని. ఇప్పుడవే పగలగొడుతున్నాడు. తప్పదు.

పలకలు మొండిగా ఊడాయి. ఎనిమిది తీసేసరికి చెమట పట్టింది. చేతితొడుగులు విప్పి పెంకులు అరచేత్తో ఊడ్చాడు.

చెయ్యి ఆగిపోయింది.

వెనక్కి తీశాడు. చూసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు.

కాంక్రీటు వెచ్చగా ఉంది.

ఎండ కాదు. ఆ కిటికీ ఉత్తరానికి, ఎండ ఏనాడూ రాదు. వేడినీళ్ళ గొట్టం కాదు. గొట్టాలన్నీ తనే వేశాడు, అవి అవతలి గోడకున్నాయి. పొదిగిన కోడి అప్పుడే లేచిపోయిన గూటిలో చెయ్యి పెట్టినట్టుంది. ఆ స్నానాలగది వాడిన ఆడమనిషి పోయి ఏడు నెలలైంది.

కాసేపటికి, గొట్టమే అయుంటుందిలే అని తనకి తాను చెప్పుకున్నాడు. అక్కడ గొట్టం లేదని అతనికి తెలుసు. ఇంకేమనుకోవాలో తెలియలేదు. ఉలి ఆనించి సుత్తితో కొట్టాడు. రెండోది కొట్టాడు. మూడో దెబ్బకి ఉలి మొనదగ్గర నీలం మంట లేచింది. తుపాకీ పేలినట్టు చప్పుడు. ఎవరో భుజం పట్టి వెనక్కి గిరాటేసినట్టు వెళ్ళి గోడకి కొట్టుకున్నాడు.

తెలివి తప్పలేదు. వంటింట్లో రేడియో ఆగిపోయింది. ఇంట్లో కరెంటంతా పోయింది. కాలిన వాసన. కుడిచెయ్యి భుజందాకా తిమ్మిరెక్కి తనది కానట్టుంది. నాలుగో ఫ్యూజు ఆపాడు. ఆపినట్టు గుర్తుంది. ఆపిన నేలలో కరెంటెక్కడిది?

ఫోను చేస్తే సున్నివా పావుగంటలో వచ్చింది. వస్తూనే తిట్టడం మొదలుపెట్టింది.

"ఫ్యూజు ఆపమన్నానా లేదా? ఆ చెయ్యి చూపించండి. వేళ్ళు కదపండి. గుండె ఎట్లా కొట్టుకుంటోంది? డాక్టరు దగ్గరికి పదండి."

"చెయ్యి కదుల్తోంది. ఆపాను. నాలుగు ఆపాను. వెళ్ళి చూసుకో."

ఆమె వెళ్ళి చూసింది. నాలుగు ఆపే ఉంది. ఆమె తిట్లు ఆగాయి. ఒక్కొక్క ఫ్యూజూ వేసుకుంటూ వచ్చింది. ఏడు వెయ్యగానే మెయిన్ పడిపోయింది. మళ్ళీ వేసింది. మళ్ళీ పడింది.

"ఏడులో ఉంది దెబ్బ."

"ఏడు ఫ్రీజరమ్మాయ్. ఆపొద్దు."

"ఏడు ఆపేశాను, మిగతావన్నీ వేశాను. కిందకెళ్ళి చూడండి, ఫ్రీజర్ ఆగిందేమో."

ఓడ్‌లేవ్ గోడ పట్టుకుని నేలమాళిగలోకి దిగాడు. ఫ్రీజర్ గుర్రుమంటోంది. దాని మూతమీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. చేతికింద అది సన్నగా వణుకుతోంది. ఏడు ఆపినా ఫ్రీజర్ నడుస్తోంది. అంటే ఉరుములొచ్చిన ప్రతిసారీ తను ఫ్రీజర్‌నే ఆపాడు. కాపాడుకుంటూ వచ్చింది ఇంకేదాన్నో.

పైకొచ్చాడు.

"నడుస్తోంది" అన్నాడు.

"ఫ్రీజర్ మూడులో ఉంది, బట్టలుతికే మిషనుతో పాటు." సున్నివా అప్పటికే స్నానాలగదిలో టార్చి వేసుకుని మోకాళ్ళమీద ఉంది. "బాబాయ్, మీ ఇంట్లో నేలకింద తీగ ముందే ఉంది. మీరు దాన్నే కొట్టారు."

"లేదు."

"ఇదిగో."

"మా ఇంట్లో లేదు."

ఆమె టార్చి గుంతమీదికి దించింది. తెగిన తీగ కొసలు రెండూ కాంక్రీటులోంచి పైకి చూస్తున్నాయి, చేప పొట్ట కోస్తే నరాలు పైకొచ్చినట్టు.

"దీనికో వేడి మీట ఉండాలి. ఎక్కడో గోడకి." లేచి, తలుపు చుట్టూ చూసి, నడవలోకి వచ్చింది. స్నానాలగది గోడకి అవతలివైపు తువ్వాళ్ళ అలమర. "తెరవనా?"

అన్నిటికన్నా కిందున్న అర యోరున్‌ది. ఏడు నెలలుగా ఎవరూ ముట్టలేదు. ఓడ్‌లేవ్ తల ఊపాడు. మడతపెట్టిన చిన్న తువ్వాళ్ళు సున్నివా రెండు చేతుల్తో ఎత్తి పక్కన పెట్టింది. వాటి వెనకాల గోడకి తెల్లటి మీట. అగ్గిపెట్టంత. సగానికి తిప్పి ఉంది. అంకెలు వేళ్ళ రాపిడికి అరిగిపోయాయి.

ఆమె ఆ అరిగిన అంకెల్ని చూసింది. అతనూ చూశాడు.

ఈ ఏడు జనవరి ఆఖర్న అతను లోఫోటెన్‌కి పోయాడు. ఫిబ్రవరిలో యోరున్ని అంబులెన్సు పడవలో తీసుకెళ్ళారు. అతను వేటనుంచి ఇంటికి రాకుండా తిన్నగా ఆసుపత్రికే వెళ్ళాడు. మీట తిప్పినావిడకి మళ్ళీ ఆపడానికి తీరిక చిక్కలేదు. కరెంటు కాగితాలు ఆమే చూసేది. ఆమె పోయాక అతను కవర్లు విప్పలేదు. ఏడు నెలలుగా ఆ ఇంట్లో వెచ్చగా ఉన్నది ఆ నేలొక్కటే. దానిమీద అతను దళసరి ఉన్ని చెప్పులేసుకుని నడిచాడు. స్నానం చేస్తే చెక్క పీటెక్కి చేశాడు.

"ఎవరు వేశారిది?" అన్నాడు.

సున్నివా మళ్ళీ గుంత దగ్గరికెళ్ళి టార్చి వేసింది. "పని తెలిసినవాళ్ళే. వరసకీ వరసకీ నాలుగువేళ్ళ ఎడం, గీత గీసినట్టు. మలుపు దగ్గర రాగి పట్టీ. రెండు మడతలు వేసి..." ఆగిపోయింది.

"చెప్పు."

"వద్దులెండి."

"ఎవరని అడిగాను."

"అందరూ ఒక మడత వేస్తారు, బాబాయ్. రెండు మడతలు వేసేది ఈ దీవిలో ఇద్దరమే. ఒకటి నేను. మీ ఆవిడ ఈ పలకలు వేసిందని దీవంతా చెప్పుకున్నప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. రెండు నాకు పని నేర్పినాయన."

పేరు ఆమె చెప్పనక్కర్లేకపోయింది. ఆర్నుల్ఫ్. యోరున్ తమ్ముడు. చేపల ఫ్యాక్టరీలో కరెంటు పని చేసేవాడు.

ఇరవై రెండేళ్ళ కింద జనవరిలో ఆర్నుల్ఫ్ అతని పడవలో లోఫోటెన్ రావలసింది. బయల్దేరే ముందురోజు వచ్చి, నడుం పట్టేసింది, రాలేనన్నాడు. ఓడ్‌లేవ్ ఒక మనిషి తక్కువతో పోయాడు. మార్చిలో పక్క పడవవాడు రేడియోలో నవ్వుతూ చెప్పాడు. "మీ బావమరిది రేవులో సిమెంటు బస్తాలు మోస్తున్నాడోయ్, చెరో భుజాన ఒకటి!" ఏప్రిల్లో ఇంటికి రాగానే ఓడ్‌లేవ్ అతన్ని పిలిపించాడు. నడుమెలా ఉందని అడిగాడు. ఆర్నుల్ఫ్ నోరు విప్పలేదు. కాలరు పట్టుకుని బయటికి నెట్టాడు. యోరున్ పొయ్యివైపు తిరిగి నిలబడింది, ఒక్క మాటా అనలేదు. ఆ మౌనం తన పక్షమే అనుకున్నాడు ఓడ్‌లేవ్.

ఆ సిమెంటు ఎవరింటికి వెళ్ళిందో అతను ఏనాడూ అడగలేదు. అది ఇప్పుడతని కాళ్ళ కిందే ఉంది.

"రెండు దార్లున్నాయి" అంది సున్నివా, గొంతు తగ్గించి. "నేలంతా తవ్వేసి మీ కొత్త చుట్ట వేద్దాం. పలకలన్నీ పోతాయి. లేదా తెగినచోట అతుకుదాం. కానీ తీగ ఎటునుంచి ఎటు పోయిందో తెలియకుండా గుంత పెద్దది చేస్తే ఇంకోచోట తెగుతుంది. ఫోటో కావాలి. ఫోటో తియ్యకుండా ఆర్నుల్ఫ్ సిమెంటు పొయ్యడు. మీకిష్టం లేకపోతే నేనెళ్ళి అడుగుతా."

ఓడ్‌లేవ్ నడవలో ఉన్న కొత్త చుట్ట అట్టపెట్టెమీద కూర్చున్నాడు. అబద్ధం ఒకటుందనేది ఒక దెబ్బ. కానీ దాన్ని మించి ఇంకొకటి అతన్ని తొలుస్తోంది. తీగ ఉంది. ఆమెకి ఉంది. మరి పోయిన అక్టోబరులో కూడా వంటింట్లోకి వచ్చి, నేల చల్లగా ఉంది, తీగ వేయిద్దామా అని ఎందుకడిగింది? ఉన్నదాన్ని ఇరవై రెండేళ్ళు ఎవరైనా అడుగుతారా? తను ఇవ్వలేదని కుమిలిపోతున్నది ఆమె దగ్గర ముందునుంచే ఉంటే, తను ఇవ్వనిదేమిటి?

"నేనే పోతాను" అన్నాడు.

ఆర్నుల్ఫ్ ఇల్లు దీవి అవతలి ఒడ్డున, పదకొండు కిలోమీటర్లు. అంత్యక్రియలప్పుడు ఆర్నుల్ఫ్ చర్చిలో ఆఖరి బల్లమీద కూర్చుని, పాట అయిపోకముందే లేచి వెళ్ళిపోయాడు. ఓడ్‌లేవ్ చూసి కూడా చూడనట్టున్నాడు.

తలుపు తట్టాడు. ఆర్నుల్ఫ్ చేతిలో సగం చెక్కిన బంగాళాదుంపతో తెరిచాడు. జుట్టు పలచబడింది. కళ్ళు మాత్రం అచ్చం అక్క కళ్ళు. దానికి ఓడ్‌లేవ్ సిద్ధపడి రాలేదు.

"కాఫీ తాగడానికొచ్చావా, మిగిలిన తన్నులు తన్నడానికొచ్చావా, బావా?"

"ఫోటో కావాలి."

ఏ ఫోటో అని ఆర్నుల్ఫ్ అడగలేదు. అది కూడా ఓడ్‌లేవ్‌కి చెంపదెబ్బలా తగిలింది. ఇరవై రెండేళ్ళుగా ఆ ప్రశ్నకోసం ఎదురుచూస్తున్నవాడిలా ఆర్నుల్ఫ్ చేతులు తుడుచుకున్నాడు.

"ఎక్కడ కొట్టావు?"

"గడప దగ్గర."

"కొట్టక కొట్టక అక్కడే కొట్టావా! అక్కడే దగ్గరదగ్గరగా వేశాను. అక్క అక్కడ నిలబడి తల దువ్వుకునేది." బిస్కట్ల డబ్బా ఒకటి దించాడు. నిండా ఫోటోలు. అతను పరిచిన తీగలన్నీ, వెనక తేదీలు. "ఇదిగో. కూచో. నిలబడి చూడాల్సింది కాదు."

ఓడ్‌లేవ్ కూర్చున్నాడు. బూడిదరంగు నేలమీద తీగ, ముగ్గు వేసినట్టు, ఎక్కడా చెయ్యెత్తకుండా గీసినట్టు. ఫోటో అంచున, గడపమీద, రెండు ఉత్త పాదాలు. వేళ్ళు చలికి ముడుచుకుని ఉన్నాయి. మొహం లేదు. ఆ పాదాలు అతనికి తెలుసు. ఏడు నెలల కింద పట్టుకున్నాడు.

"ఎందుకడిగింది?" అన్నాడు.

"ఏం?"

"ఏటా అడిగింది. పోయినేడు కూడా అడిగింది. ఉన్నదాన్ని ఎందుకడిగింది?"

ఆర్నుల్ఫ్ డబ్బా మూత పెట్టాడు. "నీకు నిజంగా తెలీదు కదూ... నేనూ అదే అడిగా. అక్కా, చెప్పెయ్, ఏవఁవుతుంది, రెండు వారాలు మూతి ముడుచుకుంటాడు అన్నా. 'ఒక్కసారి సరే అననీరా' అంది. 'సరే అన్నరోజు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ నేలమీద నిలబెడతా' అంది. మొదట్లో నవ్వుతూనే అనేది. నాతో పందెం కూడా కాసింది, మూడేళ్ళలో అంటావని. తరవాత తరవాత నవ్వడం మానేసింది. అడగడం మాత్రం మానలేదు."

ఓడ్‌లేవ్ ఫోటో బల్లమీద పెట్టాడు.

"నాకెప్పుడూ వెచ్చగా తగల్లేదు."

"ఎట్లా తగుల్తుంది? నువ్వు లోఫోటెన్ పోయిన రోజు మీట తిప్పేది. నీ పడవ వస్తోందని రేడియోలో వినగానే ఆపేసేది. నువ్వు ఇంట్లో ఉంటేనే ఆ నేల చల్లగా ఉండేది, బావా."

బయట సముద్రపుగాలికి ఏదో రేకు కొట్టుకుంటోంది.

"నీకివన్నీ ఎట్లా తెలుసు? ఆమె నిన్ను కలిసింది లేదుగా."

"ప్రతి బుధవారం. నువ్వు కూర్చున్న కుర్చీలోనే."

"బుధవారం చర్చి బృందంలో పాడ్డానికెళ్ళేది."

"బావా, అక్క పాడగా ఎప్పుడన్నా విన్నావా?"

ఓడ్‌లేవ్ ఆలోచించాడు. నలభై నాలుగేళ్ళు వెతికాడు. వినలేదు. ఆమెకి రాగం లేదు. ఇప్పుడు పట్నంలో ఉంటున్న పిల్లలు ఉయ్యాల్లో ఉన్నప్పుడు కూడా జోలపాట చదివేదే గానీ పాడేది కాదు. ఇరవై రెండేళ్ళ బుధవారాలు. ఇంటికొచ్చాక, ఎలా జరిగిందని అడిగేవాడు. బాగా జరిగిందనేది.

"నీ నడుం?" అన్నాడు చివరికి.

"నడుం రాయిలా ఉంది. అప్పుడూ, ఇప్పుడూ."

"గెంటేస్తుంటే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దని మాట తీసుకుంది. గెంటింది నువ్వు. గెంటించుకుంది నేను. పొయ్యి దగ్గర నిలబడి చూసింది అక్క. ముగ్గుర్లో ఎవరు మంచోళ్ళో నువ్వే చెప్పు."

ఓడ్‌లేవ్ ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాడు. వచ్చింది. అది ఆమె దాకా వెళ్ళలేదు, సగం దూరం పోయి తన దగ్గరికే వచ్చింది. 'సరే' అనే రెండక్షరాలు. అంతకన్నా బరువైన మాటలు నోరారా అన్నాడు, వలలు తెగినప్పుడు, ఇంజిను ఆగినప్పుడు. ఆ రెండే రాలేదు.

లేచి నిలబడ్డాడు. "వచ్చి అతుకు."

"నా నడుం బాగాలేదు, బావా."

"ఇప్పుడే రాయిలా ఉందన్నావు."

"ఇప్పుడే పట్టింది."

ఆర్నుల్ఫ్ మొహంలో నవ్వు లేదు. ఓడ్‌లేవ్ గుమ్మందాకా వెళ్ళాడు. గడియ పట్టుకుని, వెనక్కి తిరక్కుండా అన్నాడు.

"సిమెంటు నేను మోస్తాను."

సోమవారం పొద్దున ఆర్నుల్ఫ్ వచ్చాడు. గడప ముందు ఒక్క క్షణం ఆగి, దాటాడు. మంచి నడుం వాడిలాగే మోకాళ్ళమీద మూడు గంటలు పనిచేశాడు. ఓడ్‌లేవ్ నీళ్ళు అందించాడు, సిమెంటు మోశాడు. అవసరమైన మాటలు తప్ప ఇద్దరూ మాట్లాడుకోలేదు. క్షమాపణ ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. అతుకు పడ్డాక సున్నివా మీటరు పెట్టి కొలిచి, ఫోటో తీసింది.

"తీగ మళ్ళీ పుట్టినట్టే" అంది. "మీ గురువు పనికి నువ్వు సంతకం పెడతావా అని నన్నెవరూ అడగరేం?"

"నువ్వు సంతకం పెట్టకపోతే నీకు నేర్పిన నాకే సిగ్గు" అన్నాడు ఆర్నుల్ఫ్.

పడవల కొట్టంలో యోరున్ దాచిన పాత పలకలు ఆరు దొరికాయి. కావలసింది ఎనిమిది. గడప పక్కన రెండు తెల్లవి వేశారు. ఎబ్బెట్టుగా ఉన్నాయి. ఉండనీ అన్నాడు ఓడ్‌లేవ్.

సున్నివా ఫ్యూజుల పెట్టె తెరిచింది. "ఈ లిస్టు మార్చాలి. ఏడు ఫ్రీజర్ కాదు. అబద్ధం రాసి ఉన్నదాని కింద నేను సంతకం పెట్టను, బాబాయ్."

"నిజం వేరే రాసి దాని కింద అంటించు. ఇది తియ్యకు."

"రెండుంటే చూసేవాడు తికమకపడడూ?"

"చూసేవాణ్ణి నేనే."

ఆమె ఆర్నుల్ఫ్ వైపు చూసింది. ఆర్నుల్ఫ్ భుజాలెగరేశాడు. ఆమె కొత్తది రాసి కింద అంటించింది.

కొత్త తీగ చుట్టని ఓడ్‌లేవ్ దుకాణానికి తిరిగివ్వలేదు. ఇస్తే టోర్‌గ్రిమ్ ఎందుకని అడుగుతాడు. నిజం చెప్పాలి, లేదా అబద్ధమాడాలి. పడవల కొట్టంలో వలల వెనక పడేశాడు.

వెళ్ళేముందు ఆర్నుల్ఫ్ స్నానాలగది తలుపు దగ్గర ఆగాడు. "నాలుగు వారాలు మీట ముట్టకు. సిమెంటు పచ్చిది. ఇప్పుడే వేడి పెడితే పగుల్తుంది."

"నాలుగు వారాలా?"

"ఆగలేవా? అక్క ఆగింది."

ఇద్దరూ వెళ్ళిపోయారు. కార్ల చప్పుడు వినబడనంత దూరం పోయేదాకా ఓడ్‌లేవ్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. తరవాత స్నానాలగది తలుపు తీశాడు. ఉన్ని చెప్పులు విప్పి బయట పెట్టాడు. ఒక కాలు తరవాత ఒకటి మేజోళ్ళు తీశాడు. ఆ ఇంట్లో అతని పాదాలు ఉత్త నేలకి తగిలి ఎన్నేళ్ళయిందో.

గడప పక్కన, ఆమె తల దువ్వుకునే చోట నిలబడ్డాడు.

చలి అరికాళ్ళలోంచి సూదుల్లా దిగింది. వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. కిందకి చూస్తే ఫోటోలో ఉన్నట్టే ఉన్నాయి. చలి చీలమండలు దాటి మోకాళ్ళదాకా పాకింది. ఒక దువ్వడమంతసేపు నిలబడదామనుకున్నాడు. ఆమె జుట్టు ఎంత పొడుగో గుర్తుచేసుకుంటూ అంతకన్నా చాలాసేపే నిలబడ్డాడు.

"చల్లగా ఉంది" అన్నాడు పైకే.

మేజోళ్ళు తొడుక్కోమనడానికి ఇంట్లో ఎవరూ లేరు.